పికప్ ట్రక్కు స్నో ప్లో నా చిన్న కుబోటా ట్రాక్టర్‌కి ఎక్కుతుందా?

తెనాలి_టు_రోచెస్టర్ · అక్టోబర్ 5

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఏనాడూ రాసింది లేదు. ఈ వేసవిలో అపార్ట్‌మెంట్ వదిలేసి రోచెస్టర్‌కి తూర్పున, ఒంటారియో సరస్సుకి పది మైళ్ల లోపే మూడెకరాల ఇల్లు కొన్నాం. చూడ్డానికెళ్లింది జూన్‌లో. అంతా పచ్చగా ఉంది, 400 అడుగుల డ్రైవ్‌వే చూసి మా ఆవిడ "అచ్చం మన తోటకి వెళ్లే బాటలా ఉంది" అని మురిసిపోయింది. ఇప్పుడు చలి మొదలయ్యేసరికి ఆ బాట చూస్తేనే నాకు టెన్షన్. కంకర బాట, 12 అడుగుల వెడల్పు, చివర్లో రోడ్డు వైపు కాస్త వాలు. మంచు తీసేవాళ్లని అడిగితే సీజన్ మొత్తానికి వాళ్లు చెప్పిన రేటు విని థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇంటి పాత ఓనరు దగ్గరే కుబోటా బీఎక్స్ 2380 అనే చిన్న ట్రాక్టర్‌ని లోడర్‌తో (ముందు బకెట్‌ని ఎత్తే రెండు చేతులు) సహా తీసుకున్నాను. పోయిన వారం పక్కింటాయన తన పికప్ అమ్మేస్తూ దాని ముందున్న ఏడున్నర అడుగుల ప్లో, అదే మంచు తోసే బ్లేడు, 300 డాలర్లకి ఇచ్చేశాడు. నా ఆలోచన ఏంటంటే బకెట్ తీసేసి, ఒక ప్లేటు వెల్డింగ్ చేయించి, ఆ ప్లోని లోడర్ చేతులకి బిగించడం. బరువు ఆపుతుందా? బ్లేడు కుడికీ ఎడమకీ తిప్పడానికి హైడ్రాలిక్ (ఆయిల్ ప్రెషర్) ఎక్కణ్నుంచి తీసుకోవాలి? ఇవే నా అనుమానాలు. నాన్నకి ఫోన్‌లో చెప్తే "ప్లో అంటే నాగలి కదరా, మంచు దున్నుతావా?" అని ఒకటే నవ్వు.

బఫెలో_బాబాయ్ · అక్టోబర్ 5

తమ్ముడూ, వెల్డర్ దగ్గరికి ఇంకా వెళ్లలేదు కదా? వెళ్లకు. నీ బండి లోడర్ తీసేస్తే ముప్పాతిక టన్ను కూడా ఉండదు. ఆ ట్రక్కు ప్లో ఫ్రేమూ, పంపూ, లైట్లూ కలిపితే 500, 600 పౌండ్లు తూగుతుంది. దాన్ని ముందు చక్రాలకి రెండు మూడు అడుగుల అవతల వేలాడదీస్తే వెనక చక్రాలు నేల మీద ఆనీ ఆనకుండా ఉంటాయి. కుబోటాకి బ్రేకులు వెనకే అని మర్చిపోవద్దు, పైగా నీది వాలు బాట.

ఇంకో మాట. బకెట్ మాత్రం అమ్మకు. మా ఊరు ఆర్చర్డ్ పార్క్‌లో 2022 నవంబర్‌లో నాలుగు రోజుల్లో 80 అంగుళాలు పడింది. ఆ మంచుకి ఏ బ్లేడూ పనికిరాలేదు, తోయడానికి చోటుంటే కదా. బకెట్‌తో ఎత్తి పక్కన పోసుకుంటూ బయటపడ్డాం.

లెక్కల_లక్ష్మి · అక్టోబర్ 5

సరదాగా ఒక లెక్క. 400 ఇంటు 12 అంటే 4,800 చదరపు అడుగులు. పది అంగుళాల మంచు కరిగితే ఇంచుమించు ఒక అంగుళం నీళ్లు. ఒక చదరపు అడుగు మీద అంగుళం నీళ్లంటే 5.2 పౌండ్లు. అంటే మీ బాట మీద ఒక్క రాత్రికి దాదాపు 25 వేల పౌండ్లు, మన లెక్కలో 11 టన్నుల పైన. ట్రాక్టర్ ఉండాల్సిందే లెండి, పారతో అయ్యే పని కాదు.

వెల్డర్_వెంకీ · అక్టోబర్ 6

నేను మిషిగన్‌లో ఫాబ్రికేషన్ షాపులో పనిచేస్తాను. బాబాయ్ చెప్పిన బరువు సంగతి నిజమే కానీ ప్లో పారేయనక్కర్లేదు. ట్రక్కు ప్లోలని కోసి పొట్టి చేసి ట్రాక్టర్లకి పెట్టడం ఇక్కడ మామూలే. ఏడున్నర అడుగుల దాన్ని రెండు వైపులా సమానంగా కోయండి. పంపు, లైట్లు, ట్రక్కు వైపు ఉండే మౌంటు తీసేయండి. బ్లేడు, దాని వెనక ఇంగ్లిష్ A ఆకారంలో ఉండే ఫ్రేము, స్ప్రింగులు, తిప్పే రెండు ర్యాములు (హైడ్రాలిక్ సిలిండర్లు) మాత్రం ఉంచుకోండి. సగం బరువు అక్కడే పోతుంది.

ఎంత వెడల్పు ఉంచాలి అనేది ఊరికే అనుకోవద్దు. బ్లేడుని 30 డిగ్రీలు తిప్పితే అది ఊడ్చే వెడల్పు 87 శాతానికి పడిపోతుంది. 60 అంగుళాల బ్లేడు 52 అవుతుంది, 66 అయితే 57. తిప్పినప్పుడు కూడా మీ వెనక టైర్ల బయటి అంచు కంటే వెడల్పుగా ఉండాలి, లేకపోతే తీయని మంచుని మీరే తొక్కి గట్టిచేస్తారు, ఆ తర్వాత దాన్ని గునపంతో కూడా లేపలేరు. టేపు పెట్టి టైర్లు కొలవండి, బీఎక్స్ అయితే నాలుగడుగుల లోపే ఉంటుంది.

అసలు భయం బరువు కాదు. లోడర్ చేతులు పైకి ఎత్తడానికి చేసినవి, పక్క నుంచి దెబ్బ తినడానికి కాదు. బ్లేడు తిప్పి పోతున్నప్పుడు దాని మూల ఒక గడ్డకట్టిన రాయికి తగిలితే ఆ దెబ్బంతా ఒక్క చేతి మీదే పడుతుంది, చెయ్యి మెలి తిరుగుతుంది. అందుకే స్ప్రింగులు తీసేయొద్దు అంటున్నాను. ఏదైనా అడ్డం తగిలితే బ్లేడు ముందుకి వాలి దాని మీదుగా దాటిపోవాలి. నడిచేంత స్పీడులోనే వెళ్లాలి. పికప్‌లో వెళ్లినట్టు దూసుకెళ్తే ఏ వెల్డూ ఆగదు.

పాలమూరు_పోరడు · అక్టోబర్ 6

గీ బ్లేడు ముచ్చట ఇడిసిపెట్టు అన్నా, బ్లోయర్ తీస్కో. నేను మినెసోటాల ఉంట. బ్లేడుతోని రెండు పక్కల గట్టు పెరుగుకుంట వస్తది, ఫిబ్రవరి వచ్చేసరికి 12 అడుగుల బాట 8 అడుగులైతది. బ్లోయరైతే లేపి ముప్పై అడుగుల అవతల పారేస్తది, గట్టే ఉండది.

బఫెలో_బాబాయ్ · అక్టోబర్ 6

పోరడా, ఆయనది కంకర బాట. బ్లోయర్ కంకర మింగి ఆ ముప్పై అడుగుల అవతలున్న కారు అద్దం మీదే ఊస్తుంది. పైగా మా సరస్సు మీదుగా వచ్చే మంచు తడిగా ఉంటే బ్లోయర్ గొట్టంలో ముద్దలా ఇరుక్కుంటుంది. ఇంజన్ ఆపకుండా చెయ్యి పెట్టి తీయబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఏటా ఉంటారు.

పాలమూరు_పోరడు · అక్టోబర్ 6

మాకాడ మంచు పిండి లెక్క ఉంటది బాబాయ్, గందుకే నాకు ఎరుకలేదు. సరే, కంకరంటే బ్లేడే.

సిరక్యూస్_సుధ · అక్టోబర్ 7

నాది కూడా బీఎక్సే, ఆరు చలికాలాలు చూసింది. నేను లోడర్‌కి పెట్టను, ముందు ఫ్రేముకి పెడతాను. క్విక్ హిచ్ అని ట్రాక్టర్ ఛాసిస్‌కి బిగించే ఫ్రేము ఉంటుంది, దానికి 60 అంగుళాల ఫ్రంట్ బ్లేడు. తోపు అంతా ఛాసిస్ మీద పడుతుంది, లోడర్ చేతుల బాధే ఉండదు.

దీనిలో ఇంకో లాభం చాలామందికి తెలీదు. లోడర్ తీసి పక్కన పెడతాం కదా, అప్పుడు లోడర్ హైడ్రాలిక్ గొట్టాలు నాలుగూ ఖాళీ. రెండు బ్లేడు ఎత్తడానికి, రెండు తిప్పడానికి. జాయ్‌స్టిక్ వెనక్కి లాగితే లేస్తుంది, పక్కకి అంటే తిరుగుతుంది. కొత్త వాల్వు అక్కర్లేదు, వైరింగ్ అక్కర్లేదు.

నష్టం కూడా చెప్తాను. బ్లేడు అడుగు కంటే పెద్దగా లేవదు కాబట్టి మంచుని గుట్టగా పేర్చలేం. అందుకే మొదటి మంచు నుంచే బాట అంచు దాటి ఇంకో నాలుగైదు అడుగులు అవతలికి తోసి పెట్టుకుంటాను, జనవరికి చోటు కావాలిగా. సిరక్యూస్‌లో సగటున ఏడాదికి పది అడుగుల మంచు పడుతుంది. మొదట్లో బద్ధకించిన ఏడాది నేను ఫిబ్రవరిలో ఏడ్చాను.

తెనాలి_టు_రోచెస్టర్ · అక్టోబర్ 7

సుధ గారూ, చదివాక సగం మనసు మీ వైపు వచ్చేసింది. కానీ క్విక్ హిచ్, బ్లేడు రెండూ కొత్తవి కొనాలంటే ఈ ఏడాది నా వల్ల కాదు, ఇల్లు కొన్న అప్పే ఇంకా కళ్ల ముందుంది. పైగా బాబాయ్ గారి 80 అంగుళాల కథ విన్నాక లోడర్ తీయాలంటే భయమేస్తోంది. కోసిన ప్లోతోనే లోడర్ మీద కానిస్తే ఒక్క సీజన్ గడుస్తుందా?

గోదారి_గట్టు · అక్టోబర్ 8

నేను అమెరికాలో లేను, భీమవరం దగ్గర ఉంటాను, మాకు మంచు అంటే సంక్రాంతి పొగమంచే. కానీ మా ట్రాక్టర్ ముందు డోజర్ బ్లేడు ఉంది, చెరువు గట్లకి, చేలు చదును చేయడానికి వాడతాం. మా దగ్గర డోజర్ బిగించేటప్పుడు మెకానిక్ చెప్పే మొదటి మాట, ఫ్రేము వెనక ఇరుసు దాకా తీసుకెళ్లమని. ముందు ఇరుసు దగ్గరే ఆపేస్తే బ్లేడు తోపు మొత్తం మధ్యలో పడి క్లచ్ హౌసింగ్ దగ్గర పగులు వస్తుంది. మట్టి అయినా మంచు అయినా బండి మీద దెబ్బ ఒకటే కదండీ. చూస్తే సుధ గారు చెప్పిందే మా మేస్త్రీ మాట.

వెల్డర్_వెంకీ · అక్టోబర్ 8

గట్టు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్క సీజన్‌కి లోడర్ మీద ఎలా పెట్టాలో చెప్తాను, వచ్చే వేసవిలో ఫ్రేముకి మార్చుకోండి.

బ్లేడుని ప్లేటుకి బిర్రుగా బిగించేయకండి. ప్లేటు కింది భాగంలో రెండు చెవులు వెల్డ్ చేసి, ఆ A ఫ్రేముని వాటికి పిన్నులతో తగిలించండి, అది కిందికీ పైకీ ఊగాలి. ప్లేటు పై భాగం నుంచి ఒక గొలుసు వేసి ఫ్రేము ముందు భాగాన్ని వేలాడదీయండి. దున్నేటప్పుడు లోడర్‌ని ఒక ఎత్తులో నిలిపేస్తే గొలుసు కాస్త వదులుగా ఉంటుంది, బ్లేడు తన బరువుతో తానే నేల మీద పారాడుతుంది. ముఖ్యమైంది ఏంటంటే ఆ ఎత్తులో A ఫ్రేము నేలకి సమాంతరంగా ఉండాలి. లోడర్ ఎక్కువ పైకి ఉంటే ఫ్రేము ఏటవాలుగా దిగి బ్లేడు నేలలోకి పొడుచుకుపోతుంది, చీటికీమాటికీ స్ప్రింగులు వాలిపోతాయి. సరైన ఎత్తు దొరికాక లోడర్ చేతి మీద పెయింటుతో గీత పెట్టుకోండి.

మిషిగన్_మామ · అక్టోబర్ 9

ముందు సంగతి అంతా మాట్లాడుతున్నారు, వెనక సంగతి ఎవరూ ఎత్తరేం? వెనక బరువు లేకపోతే నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి, బండి కదలదు. ట్రాక్టర్ వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్‌కి తగిలించేలా సగం డ్రమ్ములో కాంక్రీటు పోయించుకోండి, 500 పౌండ్ల పైచిలుకు వస్తుంది. టైర్లకి గొలుసులు కూడా తప్పవు. గొలుసు వేశాక ఫెండర్‌కి తగులుతోందేమో చక్రం ఒక చుట్టు చేత్తో తిప్పి చూడండి.

టైర్లలో ద్రవం నింపే విషయంలో నా తెలివి వినండి. మా నాన్నగారు ఊళ్లో దమ్ము చేసే ముందు వెనక టైర్లలో నీళ్లు కొట్టించేవారు. అది చూసి పెరిగినవాణ్ని కదా, ఇక్కడ నేనూ గొట్టం పెట్టి శుభ్రంగా నీళ్లు నింపేశాను. డిసెంబర్‌లో ఒక పొద్దున బండి తీస్తే గుర్రం ఎక్కినట్టు ఎగిరెగిరి పడుతోంది. రెండు టైర్లలోనూ కింది సగం మంచుగడ్డ. మార్చి దాకా అలాగే నిలబడింది బండి. ఇక్కడ బీట్‌రూట్ రసం, అదే చక్కెర దుంపల నుంచి తీసిందిలెండి, దాన్ని నింపుతారు, గడ్డకట్టదు, రిమ్ము తుప్పు పట్టదు, నీళ్ల కంటే బరువు. డబ్బులు తక్కువలో కావాలంటే కారు అద్దాలకి వాడే వాషర్ ద్రవం, సున్నాకి దిగువన కూడా గడ్డకట్టనిది. వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, అక్కడిదాకా నింపితే చాలు, ముప్పాతిక వంతు అవుతుంది.

తెనాలి_టు_రోచెస్టర్ · అక్టోబర్ 9

మామయ్య గారూ, నిన్న రాత్రే నాన్న "టైర్లలో నీళ్లు కొట్టించు" అన్నారు! రెండు టైర్లు బతికిపోయాయి.

డెన్వర్_డీజిల్ · అక్టోబర్ 11

హైడ్రాలిక్ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, నేను చెప్తాను, అదే నా వృత్తి. లోడర్ మీద ప్లో అయితే ఎత్తడానికీ, వంచడానికీ జాయ్‌స్టిక్ రెండు పనులూ అయిపోతాయి, తిప్పడానికి మూడోది కావాలి. రెండు దారులు. డైవర్టర్ వాల్వు అయితే వంచే గొట్టాల మధ్యలో కూర్చుంటుంది, జాయ్‌స్టిక్ మీద బటన్ నొక్కి పట్టుకుంటే వంచే బదులు బ్లేడు తిరుగుతుంది. చవక, బిగించడం తేలిక, రెండు పనులూ ఒకేసారి చేయలేరు, అంతే. థర్డ్ ఫంక్షన్ అయితే పంపు లైను నుంచే వేరేగా తీస్తారు, ఖర్చెక్కువ. ఈ పనికి డైవర్టర్ చాలు.

ట్రక్కు ప్లో ర్యాములు ఒకవైపు మాత్రమే తోసేవి. ఒక్కోదానికి ఒక్క గొట్టమే. వాల్వు ఒక నోరు కుడి ర్యాముకి, రెండోది ఎడమ దానికి ఇవ్వండి, ఒకటి నిండుతుంటే రెండోది ఖాళీ అవుతుంది. ఆ రెండు గొట్టాల మధ్య క్రాస్ఓవర్ రిలీఫ్ వాల్వు తప్పకుండా పెట్టండి. బ్లేడు మూలకి దెబ్బ తగిలినప్పుడు ఆయిల్ అటు నుంచి ఇటు జారిపోతుంది. అది లేకపోతే గొట్టమో, ర్యామో, మీ జేబో పగులుతుంది.

ర్యాముల్లో పాత ఆయిల్ మొత్తం బయటికి తోసేసి కడగండి. మీ బండిలో హైడ్రాలిక్‌కీ, ట్రాన్స్‌మిషన్‌కీ ఆయిల్ ఒకటే. పదేళ్లు ట్రక్కు ముందు నానిన ఆ నల్లటి నీళ్లు మీ హైడ్రోస్టాట్‌లోకి (ఆయిల్ ప్రెషర్‌తో బండిని నడిపే ట్రాన్స్‌మిషన్) పోకూడదు. ఇంకోటి, కుబోటాలో చాలాచోట్ల బీఎస్‌పీపీ మరలు (బ్రిటిష్ కొలతవి, తిన్నగా ఉంటాయి) ఉంటాయి, కొస సన్నబడే అమెరికా ఎన్‌పీటీ ఫిట్టింగు రెండు చుట్లు ఎక్కి కుదిరినట్టే అనిపించి తర్వాత కారుతుంది. సరైన అడాప్టర్ కొనండి. జేఐసీ ఫిట్టింగులకి (లోహం మీద లోహం ఆని కారకుండా ఆపేవి) తెల్ల టేపు చుట్టొద్దు, దాని ముక్క విరిగి వాల్వులో చేరితే వెతుక్కోవడం మీ తరం కాదు.

తెనాలి_టు_రోచెస్టర్ · నవంబర్ 12

అప్‌డేట్. ప్లోని 66 అంగుళాలకి కోయించాను, రెండు వైపులా అడుగు చొప్పున. వెంకీ గారు చెప్పినట్టే చెవులు, గొలుసు. క్విక్ అటాచ్ ప్లేటు వేయించాను, బకెట్ పెట్టడం రెండు నిమిషాల పని. వెనక డ్రమ్ము రెడీ, టైర్లలో వాషర్ ద్రవం.

నిన్న డైవర్టర్ బిగించి మొదటిసారి బ్లేడు తిప్పాను. ఎడమకి బ్రహ్మాండంగా తిరిగింది. కుడికి తిప్పాను, తిరిగింది. ఆ ఊపులో బ్లేడు కుడికి ఉండగానే బటన్ వదిలి ప్లేటుని కిందికి వంచాను. ఎడమ గొట్టం వీణ తీగలా బిగిసింది, నేను "అరె" అనేలోపు ఫిట్టింగు దగ్గర ఊడి తేనె రంగు ఆయిల్ గరాజ్ తలుపు మీద, నా చొక్కా మీద, మా అబ్బాయి సైకిల్ మీద. గొట్టం పొడవు నేను బ్లేడు తిన్నగా పెట్టి కొలిచాను, అదీ తప్పు. పూర్తిగా తిప్పి, పూర్తిగా వంచి, పూర్తిగా ఎత్తి, మూడుసార్లూ కొలవాల్సింది. కొత్త గొట్టాలు ఎనిమిది అంగుళాలు ఎక్కువ పెట్టి చేయించాను. చిన్న చెమ్మ ఇంకా కనిపిస్తోంది ఒక చోట, రేపు ఇంజన్ ఆన్ చేసి చేత్తో తడిమి చూస్తాను.

ఒహాయో_ఈఆర్_నర్సు · నవంబర్ 12

చేత్తో తడమకండి!! ఎమర్జెన్సీలో పనిచేస్తాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను. ప్రెషర్‌లో ఉన్న గొట్టానికి సూది బెజ్జం పడితే ఆ సన్నటి ధార చర్మం కోసుకుని లోపలికి పోతుంది. పైకి దోమ కుట్టినంత గుర్తే, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు, అందుకే జనం ఇంటికెళ్లి పడుకుంటారు. లోపల ఆయిల్ కండరాల వెంట పాకుతూ ఉంటుంది. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేసి శుభ్రం చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది. అట్ట ముక్క దూరంగా పట్టుకుని దాని మీద మరక పడుతుందేమో చూడండి. లేదా ఇంజన్ ఆపి, జాయ్‌స్టిక్ అన్ని వైపులా ఆడించి ప్రెషర్ దింపి, అప్పుడు ముట్టుకోండి.

డెన్వర్_డీజిల్ · నవంబర్ 13

నేను రాయాల్సింది మర్చిపోయాను, థాంక్స్ అక్కా. డైవర్టర్ ఉన్న లైనుకి ఇంకో మెలిక. ఇంజన్ ఆపాక తాళం ఆన్‌లో ఉంచి, బటన్ నొక్కి పట్టుకుని జాయ్‌స్టిక్ ఆడించాలి, లేకపోతే ఆ రెండు గొట్టాల్లో ప్రెషర్ అలాగే ఉంటుంది. చలిలో గొట్టాలు కలిపే కప్లర్లు ఎక్కట్లేదని సుత్తితో కొట్టేవాళ్లందరి బాధా ఇదే.

సిరక్యూస్_సుధ · నవంబర్ 13

కంకర మీద మొదటి రెండు మంచుల్ని మొత్తం తీయకండి. నేల ఇంకా మెత్తగా ఉంటుంది, బ్లేడు కంకరని గోకేస్తుంది. ఒకటి రెండు అంగుళాలు వదిలేసి తొక్కనివ్వండి, అది గట్టిపడి తారు రోడ్డులా అవుతుంది, ఆ తర్వాత దాని మీద ఎంతైనా తోసుకోవచ్చు. బ్లేడు కింద నేల మీద జారే షూలు అంగుళం దింపి పెట్టుకోండి. చవక చిట్కా ఇంకోటి ఉంది. రెండంగుళాల పీవీసీ పైపుని పొడవునా చీల్చి బ్లేడు అంచుకి తొడిగి నాలుగు బోల్టులు వేయండి. అంచు గుండ్రంగా ఉంటే గోకదు, జారుతుంది. అరిగితే కొత్తది పది డాలర్లు.

బాట అంచుల్లో గుర్తుకర్రలు ఇప్పుడే పాతండి. నేల గడ్డకట్టాక సుత్తి విరుగుతుంది గానీ కర్ర దిగదు.

తెనాలి_టు_రోచెస్టర్ · నవంబర్ 30

మొదటి మంచు పడింది, తొమ్మిది అంగుళాలు. పొద్దున ఐదున్నరకి లేచి, ఇంజన్ పది నిమిషాలు వేడెక్కనిచ్చాను, హైడ్రాలిక్ ముందు కాసేపు మూలిగి తర్వాత మామూలైంది. మొదటి తోపుకే మంచు బ్లేడు మీద చుట్టుకుంటూ పక్కకి దొర్లుతుంటే, నిజం చెప్తున్నాను, మా పొలంలో నాగలి చాలు పక్కన మట్టి దొర్లినట్టే ఉంది. నాన్నకి వీడియో పంపాను. "ఒప్పుకున్నాను, దున్నుతున్నావు" అన్నారు.

రెండో తోపులో గీత చూసుకోవడం మర్చిపోయి లోడర్ ఒక జానెడు పైకి పెట్టేశాను. బ్లేడు వెంటనే ముక్కు కిందికి పెట్టి పొడుచుకుపోయింది, స్ప్రింగులు ఠంగుమని వాలాయి, నేను స్టీరింగ్ మీద పడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే ఓ బొచ్చెడు కంకర లాన్ మీద. మొత్తం 50 నిమిషాలు పట్టింది.

ఇంతా చేసి లోపలికొచ్చి కాఫీ తాగుతుంటే టౌను ప్లో వచ్చి నా డ్రైవ్‌వే మూతికి అడ్డంగా మోకాలెత్తు గట్టు పోసి వెళ్లిపోయింది. ఐస్ ముక్కలు కలిసిన బరువు మంచు. దాన్ని రోడ్డు అవతలికి తోసేయొచ్చా?

బఫెలో_బాబాయ్ · నవంబర్ 30

తోయకు! మన న్యూయార్క్‌లో పబ్లిక్ రోడ్డు మీద మంచు వేయడం చట్టరీత్యా తప్పు. నువ్వు రోడ్డు దాటించేటప్పుడు జారిన ముద్ద గడ్డకట్టి ఎవరి కారైనా జారితే అది నీ నెత్తికే. వెనక్కి, నీ స్థలంలోకే తెచ్చుకో.

ఆ గట్టు తగ్గాలంటే కిటుకు ఉంది. నీ బాట చివర రోడ్డు వైపు తిరిగి నిలబడు. ప్లో నీ ఎడమ నుంచి కుడికి వస్తుంది. నీ మూతికి ఎడమ పక్క రోడ్డు అంచున పదిహేనడుగులు శుభ్రం చేసి జేబులా ఖాళీ ఉంచు. ప్లో తన బ్లేడులో ఉన్నదంతా ఆ జేబులో దించి నీ మూతి దగ్గరికి దాదాపు ఖాళీగా వస్తుంది. నీ మంచు గుట్టలు మాత్రం కుడివైపే పెట్టుకో.

పాలమూరు_పోరడు · నవంబర్ 30

గట్టు మీదికి వేగంగ ఉరకకు అన్నా, పైపైన పొరలు పొరలుగ తీయి. మల్ల డీజిల్ సంగతి యాదుంచుకో. చలి ఫారెన్‌హీట్ల పదుల్లకు దిగితే మామూలు డీజిల్ల మైనం తేలి ఫిల్టర్ మూసుకపోతది. డీజిల్ గడ్డకట్టకుండ కలిపే మందు చలి రాకముందే కలపాలె, గడ్డకట్టినంక పోస్తే లాభం లేదు. నాది నిరుడు బాటకు అడ్డంగనే ఆగిపోయింది, మా ఆమె కారు లోపల, నేను బయట.

తెనాలి_టు_రోచెస్టర్ · జనవరి 18

పదకొండు సార్లు దున్నాను ఇప్పటికి. జేబు కిటుకు పనిచేసింది, మోకాలెత్తు గట్టు ఇప్పుడు చీలమండ ఎత్తుకి వచ్చింది. పీవీసీ పైపు రెండోది నడుస్తోంది.

నిన్న మాత్రం దెబ్బ తిన్నాను. బాట మలుపులో కల్వర్టు పైపు కాంక్రీటు అంచు మంచులో కప్పబడిపోయింది, అక్కడి గుర్తుకర్రని నేనే నాలుగు రోజుల కింద పడగొట్టి మళ్లీ పాతలేదు. బ్లేడు కుడికి తిప్పి ఉంది, సరిగ్గా మూల తగిలింది. స్ప్రింగులు వాలాయి, క్రాస్ఓవర్ ఉస్సుమంది, బ్లేడు తిన్నగా అయిపోయింది, బండి ఆగిపోయింది. అంతా బాగానే ఉందనుకున్నాను. సాయంత్రం కడిగి చూస్తే ప్లేటు కింద ఎడమ చెవి వెల్డు దగ్గర వెంట్రుకంత గీత. బ్లేడు మూల కూడా లోపలికి మడతపడింది. ఫోటో పెట్టాను.

వెల్డర్_వెంకీ · జనవరి 18

ఫోటోలో చెవిది పగులే, పెయింటు గీత కాదు. గ్రైండ్ చేసి లోపలి దాకా తెరిచి మళ్లీ వెల్డ్ చేయించి, పక్కన త్రికోణం ముక్క ఒకటి వేయించండి. అంతవరకు బకెట్‌తో కానివ్వండి. లోడర్ చేతులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా? బకెట్ పెట్టి చదునైన కాంక్రీటు మీద దించి, రెండు మూలలూ ఒకేసారి ఆనుతున్నాయో లేదో చూడండి.

తెనాలి_టు_రోచెస్టర్ · జనవరి 19

చూశాను, రెండూ ఒకేసారి ఆనాయి. హమ్మయ్య. సుధ గారూ, మీ క్విక్ హిచ్ ఫ్రేము కొలతలు వేసవిలో పంపుతారా?

సిరక్యూస్_సుధ · జనవరి 19

తప్పకుండా. మే నెలలో వచ్చి చూసే వెళ్లండి, గంటన్నర దారే కదా. బ్లేడు మూల మడతపడింది అన్నారు, కోసేసిన ఆ రెండు అడుగు ముక్కలు పారేశారా?

తెనాలి_టు_రోచెస్టర్ · జనవరి 19

లేదండీ, గరాజ్‌లోనే ఉన్నాయి. ఒకటి మా ఆవిడ వాకిట్లో బూట్ల మంచు గీక్కోవడానికి పెట్టేసింది, అది అడిగే ధైర్యం లేదు. రెండోది రేపు వెల్డర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.